ముదురు మాంసం

ఆ వేసవి మొదట్లో నేను మూడోసారి నెల తప్పాను. ముందు రెండుసార్లూ నాలుగో నెలలోనే పోయాయి కాబట్టి ఈసారి మా ఇంట్లో ఎవరూ ఎవరికీ స్వీటు పెట్టలేదు. మా అమ్మ నాగేశ్వరి తణుకు నుంచి ఫోన్ చేసి కాసేపు ఏడ్చి, ఏడవకూడదని నాకు చెప్పి పెట్టేసింది. మా ఆయన ఓంకార్ నేను పనిచేసుకునే కుర్చీ ముందు కాళ్ళు పెట్టుకోవడానికి ఒక పీట కొనుక్కొచ్చాడు. మా అత్తగారు భాగ్యమ్మ మాత్రం నన్ను వెలుగులో నిలబెట్టి, కంటి కింది రెప్ప కిందికి లాగి చూశారు.

"రక్తం లేదు బిడ్డా నీకు. ఒళ్ళంత నీళ్ళే," అన్నారు.

డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, కాకపోతే అంకెల్లో చెప్పింది. హిమోగ్లోబిన్ ఎనిమిది. ఐరన్ మాత్ర మింగితే అది వెంటనే బయటికొచ్చేది. బాగా ఉడికించిన రెడ్ మీట్ తినమంది, అందులో ఉండే ఐరన్ ఒంటికి తొందరగా పడుతుందట. వేట మాంసం వాసనకే నాకు కడుపులో దేవేది. పడేది ఒక్కటే, పంది మాంసం. మా పుట్టింట్లో ఆ పేరు కూడా ఎత్తరు, అమ్మ ఇప్పటికీ "ఆ కూర" అంటుంది. ఆ కూర వండే ఇంటికి ప్రేమించి వచ్చాను. వచ్చిన కొత్తలో ముక్కు మూసుకున్నాను, ఏడాది తిరిగేసరికి వేళ్ళు నాకాను.

మా అత్తగారిది ఖాజాగూడ పాత ఊరు. తాతల నాటి నుంచి పందుల పెంపకం. చుట్టూ అద్దాల మేడలు లేచాక పందుల్ని రింగ్ రోడ్డు అవతల షెడ్డుకు మార్చేశారు. ఓంకార్ నార్సింగిలో ఒక కిచెన్ పెట్టి ఆఫీసులకీ హాస్టళ్ళకీ పోర్క్ కూర, ఫ్రై డబ్బాల్లో పంపిస్తాడు. నేను ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజనీర్ని. ఎవరేం చెప్పినా సరిచూసుకోవడం నా ఉద్యోగం, నా జబ్బు కూడా.

ఓంకార్ తన కిచెన్ నుంచి నాకోసం తెచ్చిన మొదటి కూరను అత్తయ్య గిన్నెలోంచి ఒక ముక్క తీసి వేళ్ళతో నొక్కారు.

"ఎన్ని నెలలదిరా?"

"ఏడు నెలలదమ్మా. మస్తు మెత్తగుంటది. కుక్కర్ల నాలుగు సీటీలకు వెన్న లెక్క ఐపోతది."

"మెత్తగుంటే పళ్ళు లేనోళ్ళకు పెట్టు. దీనికెందుకు? లేతదాంట్ల ఏముంటది, నీళ్ళు గాకుంటే. పంది రెండు మూడు వానలు జూడాలె. అప్పుడు మాంసం నల్లబడ్తది. ఆ నలుపే రక్తం."

"అమ్మా, ఏడాది దాటితే నార నార ఐతది. పొద్దంత ఉడకబెట్టినా ఉడకది. కస్టమర్ ఎవడు తింటడు?"

"నా కోడలు నీ కస్టమరా?"

నేను ఫోన్లో చూశాను. ఇద్దరూ కరెక్టే. పంది వయసు పెరిగేకొద్దీ కండలో ఎర్రటి పదార్థం పెరుగుతుంది, ఇనుము ఉండేది దానిలోనే. దాంతో పాటే ముక్క బిరుసెక్కుతుంది, కొవ్వు చేరుతుంది, గంటలకొద్దీ ఉడకాలి. లేతది మెత్తగా ఉంటుంది, తొందరగా అరుగుతుంది, రంగు తక్కువ. నేను తీర్పు చెబుతుంటే తల్లీకొడుకులిద్దరూ నా మాట వినలేదు.

అసలు చిక్కు అది కాదు. ముదురు పంది ఎక్కడా లేదు. ఏడెనిమిది నెలలు దాటాక మేత దండగని అందరూ అప్పటికే కోసేస్తారు. పిల్లల కోసం ఉంచే తల్లి పందులుంటాయి గానీ, వాటిని అత్తయ్య ఒప్పుకోరు. ఈనీ ఈనీ దాని రక్తమంతా పిల్లలకే పోయి ఉంటుందట. ఈననిదీ, ముదిరినదీ కావాలి. ఈ ఐటీ కారిడార్ మొత్తంలో అలాంటిది ఒక్కటే ఉండేది. అది మా ఇంటి వెనకే, బండరాళ్ళ పక్కన పాత దొడ్డిలో.

నల్లటి ఆడపంది. మూడేళ్ళు దాటింది. మిగతావన్నీ షెడ్డుకు పోయినా దాన్ని మాత్రం అత్తయ్య కదలనివ్వలేదు. "అమ్మ ముద్దుగ పెంచుకుంటున్నది, పోనీ," అనేవాడు ఓంకార్. ఎడమ చెవి చివర చీలిక ఉండేది. అరవదు, దొడ్డి తవ్వదు, బురదలో పొర్లదు. గేటు కడ్డీల మధ్య మూతి పెట్టి నిలబడి ఉంటుంది. నేను వెనక మెట్ల మీదికి వెళ్తే మెడ తిప్పదు, ఒళ్ళు మొత్తం తిప్పి నావైపు నిలబడుతుంది. నా మొహం చూసేది కాదు. దాని చూపు నా పొట్ట దగ్గరే ఆగేది.

మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత ఒక సంగతి గమనించాను. నేను కక్కుకున్న రోజు అది తొట్టి ముట్టేది కాదు. నాకు నాలుగు మెతుకులు సయించిన రోజు తొట్టి అడుగు దాకా నాకేది. ఒకసారి జరిగితే ఏదో అనుకుంటాం, మళ్ళీ మళ్ళీ జరిగితే మా ఆఫీసులో ఏదో తప్పుందని టికెట్ వేస్తాం. నేను కావాలనే ఒక పూట అన్నం మానేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. కుడితి నిండుగా ఉంది. అది తొట్టి పక్కన నిలబడి కిటికీ వైపు చూస్తోంది. వంటింట్లోకి పోయి పెరుగన్నం కలుపుకున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా వెనక తొట్టిలో చప్పుడు మొదలైంది.

ఓంకార్‌కి చెప్తే నా తల నిమిరాడు. "రెస్ట్ తీస్కో దేవీ. నీకు బ్లడ్ తక్కువుంది గదా, అట్లనే అనిపిస్తది."

నాలుగో నెల వచ్చింది. తొలకరి వాన పడిన రోజు పొద్దున బాత్‌రూమ్‌లో ఎర్రటి చుక్కలు చూశాను. ఆ చుక్కలు నాకు కొత్తవి కావు. ఓంకార్ నన్ను ఎత్తుకున్నంత పని చేసి కార్లో కూర్చోబెట్టాడు. స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకుంటోంది. "మంచం దిగొద్దు, ఇంతకంటే ఎవరూ చేసేదేం లేదు," అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అత్తయ్య దొడ్డి కడుగుతున్నారు. బక్కెట్లకొద్దీ నీళ్ళు పోస్తున్నారు. మోరీలోకి పోతున్న నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆడపంది ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది, దాని వెనక కాళ్ళ మీద నెత్తురు.

"దానికేమైందండీ అత్తయ్యా?"

"ఏం గాలే. నువ్వు పొయ్యి పండుకో బిడ్డా. ఇగ ఫికర్ లేదు."

ఆమె మొహంలో నాకు కనిపించింది భయం కాదు, ఊరట. చీపురు పట్టుకుని కూనిరాగం కూడా తీస్తున్నారు. సాయంత్రానికి నాకు చుక్కలు ఆగిపోయాయి. మర్నాటికి పంది లేచి నిలబడింది, మునుపటికన్నా చిక్కింది. కిటికీలోంచి దాన్ని చూస్తే నాకు మొదటిసారి జాలేసింది. జాలితో పాటు ఇంకేదో కూడా కలిగింది, చేతిలో ఉన్న వస్తువు ఇంకా ఉందా అని తడిమి చూసుకున్నట్టుగా.

అంతలో జీడిమెట్లలో ఉండే అత్తయ్య చెల్లెలు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్. చూసుకునేవాళ్ళు లేరు. అత్తయ్య వెళ్ళనని రెండు రోజులు భీష్మించారు. ఆఖరికి వెళ్ళక తప్పలేదు. బ్యాగు సర్దుకుని నా మంచం దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఏదో చెప్పబోయారు. 

"దానికి యాళ్ళకు కుడితి పొయ్యిరా," అని కొడుక్కి చెప్పి ఆటో ఎక్కారు.

వారంలో వస్తానన్న మనిషి, చెల్లెలికి కుట్లు చీము పట్టి నెల దగ్గర పడినా రాలేకపోయారు.

ఆమె వెళ్ళిన నాలుగైదు రోజులకి ఓంకార్ మధ్యాహ్నం స్టీలు క్యారేజీ పట్టుకుని పైకొచ్చాడు. మూత తీస్తే మిరియాల వాసన. ముక్కలు ముదురు ఎరుపు, దాదాపు నలుపు. కొవ్వు తెల్లగా కాదు, మీగడ రంగులో ఉంది.

"వికారాబాద్ దిక్కు ఒకాయన దగ్గర దొరికింది. ముదురుది. వెంకట్ పొద్దుటి నుంచి సన్నటి మంట మీద ఉడకబెట్టిండు," అన్నాడు. వెంకట్ వాళ్ళ కిచెన్‌లో మాంసం కొట్టే మనిషి.

అంత రుచి నేను ఎప్పుడూ ఎరగను. ముక్క నమిలేకొద్దీ రసం ఊరేది. కడుపులో దేవడం ఆ పూటే ఆగిపోయింది. గిన్నె ఎత్తి పులుసు తాగేశాను. ఓంకార్ నా ఎదురుగా కూర్చుని, నేను తింటుంటే గుడ్లప్పగించి చూస్తూ, ఒక్క ముక్క కూడా తను ముట్టకుండా మొత్తం నాకే పెట్టాడు. ఆ తర్వాత రోజూ తెచ్చాడు. ఫ్రీజర్‌లో దాచి కొంచెం కొంచెం వండిస్తున్నానన్నాడు.

"వెనక దొడ్డిలో చప్పుడు లేదేంటి ఓంకార్?"

"మున్సిపాలిటోళ్ళు తిరుగుతున్నరు. అమ్మ వచ్చేదాంక షెడ్డుల పెట్టిన."

సరే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ చూపు తప్పినందుకు హాయిగా అనిపించింది.

నా బుగ్గల్లోకి రంగొచ్చింది. లేచి తిరగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కాకపోతే కొన్ని వింతలు మొదలయ్యాయి. వాన రావడానికి చాలా ముందే నాకు మట్టి వాసన తెలిసిపోయేది. ఎండ కాస్తుంటే నేను దండెం మీది బట్టలు తీసేదాన్ని, పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు, కాసేపటికి వాళ్ళే పరిగెత్తేవాళ్ళు. మా గల్లీ కుక్కలు దొడ్డి ముందు నుంచి పోతున్నప్పుడల్లా ఆడపందిని చూసి మొరిగేవి. ఇప్పుడు అవి నన్ను చూసి మొరుగుతున్నాయి. మూడేళ్ళుగా నా చేతి బిస్కెట్లు తిన్న కుక్కలు, వెంట్రుకలు నిక్కబొడుచుకుని వెనక్కి వెనక్కి పోతూ మొరుగుతున్నాయి. ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకున్నదాన్ని, కళ్ళు తెరిచేసరికి కింద దొడ్డి గేటు పక్కన చల్లటి బండ మీద ఉన్నాను. ఎండ నా కాళ్ళ మీద పడుతోంది. ఎలా దిగానో గుర్తులేదు. భయపడాల్సింది పోయి ఇంకాసేపు అలాగే పడుకోవాలనిపించింది.

హిమోగ్లోబిన్ పదిన్నర వచ్చింది. రిపోర్టు చూసి ఓంకార్ కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగో నెల దాటేశాం.

బోనాలకు ముందు గురువారం అత్తయ్య వచ్చారు. మేము భోజనానికి కూర్చున్నాం. ఆటో చప్పుడు విని ఓంకార్ లేచేలోపే ఆమె బ్యాగు గుమ్మంలో పడేసి నేరుగా వెనక్కి వెళ్ళారు.  తర్వాత లోపలికొచ్చి నా పళ్ళెం ముందు కూర్చున్నారు. ఒక ముక్క తీసి వేళ్ళతో నొక్కారు. చేతిలో తిప్పి చూశారు.

"ఎవరు తిన్నరు?"

"దేవికే పెట్టినమ్మా," అన్నాడు ఓంకార్. అబద్ధం బయటపడిందని తెలిసి కూడా గొంతులో గర్వం ఉంది. "మొత్తం దానికే. నేను గూడ ముట్టలే. నువ్వే అంటివి గదా, ఈననిది, ముదిరినది గావాలె అని. ఊరంత తిరిగిన, యాడ లేదు. నీకు బాధైతదని తెల్సు. కానీ దేవి పరేషాన్ చూడలేకపోయిన. రిపోర్టు చూడు, పదిన్నర ఉన్నది."

అత్తయ్య ముక్కను మళ్ళీ పళ్ళెంలో పెట్టి చెయ్యి చీర కొంగుకి తుడుచుకున్నారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"చెవు జూడలేదారా?"

"కుక్క కొరికిందనుకున్న. వెంకట్ గూడ గదే అన్నడు."

"నేను కోసిన. మైసమ్మకు విడిచిన. దేవికి మొదటి కడుపు పోయినప్పుడు." ఆమె నావైపు తిరిగారు. "మల్ల నీకు కడుపుల వడే బిడ్డ పేరు మీద విడిచిన. బిడ్డ మీదికొచ్చేది దాని మీదికి పోవాలని. బైటికి చెప్తే మొక్కు చెల్లది. గందుకే ఎవ్వరికి చెప్పలే."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "మరి రెండోది ఎందుకు పోయిందండీ? అప్పటికే విడిచారు కదా," అన్నాను, తప్పు పట్టేసినట్టు.

"అప్పటికి అది లేతది బిడ్డా. ఆర్నెల్లు గూడ నిండలే. లేతది మొయ్యలేదు. ఈడు రావాలె."

 నేను కూరలో వేలు పెట్టినట్టే పెట్టి కూర్చున్నాను.

"ఎవరి పేరు మీద విడుస్తమో వాళ్ళ నోట్ల దాని మాంసం పడొద్దు. నీ నోట్ల వడ్డదంటే కడుపుల బిడ్డ నోట్ల వడ్డట్టే గదా. తనకు అడ్డం నిల్చున్నదాన్ని తనే తిన్నది. ఇగ బిడ్డ మీదికొచ్చేది యాడికి పోవాలె?"

"ఇంకోటి తెస్తనమ్మా," అన్నాడు ఓంకార్.  తను మొక్కులు నమ్మే మనిషి కాదు, కానీ ఆ క్షణంలో నమ్మాడు. నేను కూడా నమ్మాను, అది ఇంకా ఘోరం. "షెడ్డుల నుంచి మంచి పిల్లను తెస్త, రేపే చెవి కోసి విడుద్దం."

"లేతదా?"



"పోనీ పెద్దది కొంట. తల్లి పందులు ఫారాలల్ల ఉంటయి, మూడేళ్ళవి, నాలుగేళ్ళవి..."

"కొన్నది పనికి రాదు. ఈ ఇంట్ల పెరగాలె. ఈ ఇంటి తిండి తిని ముదరాలె," అన్నారు అత్తయ్య. అని ఆగిపోయారు. కాసేపు తన మోకాళ్ళ వైపు చూసుకుని లేచి, స్నానానికి నీళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళారు.

శనివారం నాకు నడుంలో లాగడం మొదలైంది. ఆదివారం పొద్దునకి చుక్కలు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఎక్కువైతే వచ్చేయమంది. పడుకుని పైకప్పు చూస్తున్నాను. బయట డప్పులు, పక్కన కొత్తగా లేస్తున్న టవర్ మీద క్రేన్. ఇది మూడోది, ఇది కూడా పోతుంది అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. నేను దేవుణ్ణి అడగలేదు. అడగడానికి నాకు ఏ దేవుడూ గుర్తురాలేదు, ఖాళీ దొడ్డి గుర్తొచ్చింది.

అత్తయ్య తడి చీరతో, నెత్తి మీద బోనంతో నా గుమ్మంలో నిలబడ్డారు. "లే బిడ్డా. నువ్వు రావాలె."

ఓంకార్ వద్దన్నాడు. నేనే లేచాను. కార్లో మెల్లగా చెరువు కట్ట దాకా వెళ్ళాం. కట్ట మైసమ్మ గుడి చిన్నది, సున్నం కొట్టిన రాయి, వేప మండలు. వెనక చెరువు, చెరువులో తలకిందులుగా ఆఫీసులు. జనం బాగానే ఉన్నారు. మేక పోతుల్ని పట్టుకుని వరసగా నిలబడ్డారు.

బలి ఇచ్చే ముందు జంతువు మీద పసుపు నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు జలదరించాలి. జలదరిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. కదలకుండా నిలబడితే ఎంతసేపైనా ఆగాలి, మళ్ళీ చల్లాలి, బతిమాలాలి. అంతవరకూ కత్తి ఎత్తరు.

అత్తయ్య బోనం దించి అమ్మవారి ముందు పెట్టారు. కార్లో నాకు పట్టుకోమని ఇచ్చిన పసుపు నీళ్ళ చెంబు తీసుకున్నారు. ఎవరి మీద చల్లబోతున్నారో నాకు అర్థమయ్యేలోపే తన నెత్తి మీద పోసుకున్నారు.

చుట్టుపక్కలవాళ్ళు పూనకం వస్తుందేమోనని కాస్త జరిగి చోటిచ్చారు. పూనకం రాలేదు. ఆమె ఊగలేదు, కేక పెట్టలేదు. రెండు చేతులూ పక్కకి వదిలేసి, తల కొంచెం ముందుకు వంచి నిలబడ్డారు. పసుపు నీళ్ళు ముక్కు చివర నుంచి కారుతున్నాయి. ఓంకార్ "అమ్మా" అన్నాడు. ఆమె చూపు ఎత్తలేదు. నా పొట్ట దగ్గరే ఆగి ఉంది.

నడుంలో నొప్పి పొడుచుకొచ్చింది. నేను ఓంకార్ భుజం పట్టుకున్నాను. కదలండి అత్తయ్యా, అనుకున్నాను. పైకి అనలేదు గానీ, అంత గట్టిగా నా జన్మలో ఏదీ కోరుకోలేదు. కదలండి.

ఆమె ఒళ్ళు జలదరించింది. మెడ దగ్గర మొదలై వీపు మీదుగా కాళ్ళ దాకా ఒక్కసారి దులుపుకున్నట్టు, చర్మం వేరుగా కదిలినట్టు. మనుషులు అలా వణకరు. నీటి చుక్కలు నా మొహం మీద పడ్డాయి.

నొప్పి ఆగిపోయింది. తగ్గలేదు, ఆగింది. ఆగిన చోట లోపలి నుంచి ఎవరో వేలితో తట్టారు. బిడ్డ కదలడం అదే మొదలు. నేను పకపకా నవ్వాను. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, బిడ్డ పుట్టిన రోజు కూడా.

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకున్నారు. "పా బిడ్డా, ఇంటికి పోదం. ఆకలైతున్నది," అన్నారు మామూలుగా.

కార్లో ఆమె పక్కన కూర్చున్నప్పుడు చూశాను. ఎడమ చెవికి కమ్మ లేదు. తమ్మె కింది దాకా చీలి ఉంది. రక్తం అప్పటికే ఎండిపోయింది. పొద్దున స్నానం చేసేటప్పుడే కోసుకుని ఉంటారు. ఓంకార్ అద్దంలోంచి చూశాడో లేదో తెలియదు. ఆ రోజు నుంచి తల్లి కళ్ళలోకి చూసి మాట్లాడటం మానేశాడు.

కార్తీకంలో పాప పుట్టింది. వర్షిత. మూడు కిలోలు, మంచి రంగు, గట్టి గొంతు. ఇప్పుడు దానికి రెండేళ్ళు. రోగం అనేది దాని దగ్గర పూట కూడా నిలవదు.

మొన్న జ్వరం వచ్చింది, నూట మూడు. ఓంకార్ కారు తాళాల కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. నేను పిల్లను చంకనేసుకుని ముందు అత్తయ్య గదిలోకి తొంగిచూశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ముట్టుకుంటే చెయ్యి కాలింది.

"వచ్చిందా అత్తయ్యా?" అని అడిగాను.

"వచ్చింది బిడ్డా. నువ్వు పో. పిల్లకు తగ్గుతది."

దుప్పటి కప్పి బయటికొచ్చాను. ఓంకార్‌తో తాళాలు వెతకడం ఆపమన్నాను. అన్నం వేళకి వర్షిత లేచి బొమ్మ కారు తోస్తోంది. అత్తయ్య లేవడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది.

గల్లీలో అందరూ నన్ను మంచి కోడలంటారు. మూడు నెలలకోసారి ఆమెకి రక్త పరీక్షలన్నీ చేయిస్తాను. పళ్ళు, పాలు, బీపీ మాత్ర, అన్నీ నా చేత్తోనే. కూతురైనా ఇంత చూడదంటారు. దవాఖానలో డాక్టర్ని ప్రతిసారీ, ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటారు కదండీ అని అడుగుతాను. ఆయన మురిసిపోతాడు. ఈసారి మాత్రం రిపోర్టులు రెండోసారి తిరగేశాడు. గుండె బాగా అలిసిపోయిందండీ, అన్నాడు. ఈ వయసుకి ఇంత అలసట ఉండకూడదట.

నాకు మళ్ళీ నెల తప్పింది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకి చెప్పకుండానే తెలిసిపోయినట్టుంది, నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు.

పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. కబురు చెప్పగానే ఏడ్చింది, ఏడవకూడదంది. వచ్చి మాతోనే ఉండమన్నాను. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఒక్కతివీ ఏం చేస్తావు, ఇక్కడ అందరం కలిసి తినొచ్చు కదా అన్నాను. నేను ఇంత ఆప్యాయంగా పిలిచి చాలా కాలమైందేమో, అమ్మ వెంటనే ఒప్పుకుంది.

"వస్తానే. నీ పురుడయ్యేదాకా నేనే చూసుకుంటా. ఎన్నాళ్ళుండమంటావు?" అంది.

"ఉండిపో అమ్మా," అన్నాను.